రెండో జీపు

కెతిల్‌కి అరవై మూడేళ్ళు. ఐస్‌లాండ్ ఉత్తరాన ఒక లోయ చివర, ఆపైన ఇంకో ఇల్లు లేని చోట, రెండు వందల గొర్రెలతో ఒక్కడే ఉంటాడు. సెప్టెంబరులో లోయంతా కలిసి కొండల మీది గొర్రెలను దించుకొస్తుంది. అయినా ఏటా ఒకటో రెండో పైనే ఉండిపోతాయి. నడుంలోతు మంచు పడ్డాక వాటిని వెతికి తేవడం ముప్ఫై ఏళ్ళుగా కెతిల్‌దీ, పక్క పొలం హల్లుర్‌దీ పని. ఎప్పుడూ రెండు జీపులు వెళ్ళేవి. ఒకటి కూరుకుపోతే రెండోది లాగేది.

ఆ వేసవిలో హల్లుర్ మోకాళ్ళు పనికిరాకుండా పోయాయి. జీపు అమ్మేసి దక్షిణాన కూతురి దగ్గరికి వెళ్ళిపోయాడు. వాళ్ళిద్దరూ కబుర్లాడుకునే మనుషులేమీ కాదు. జీపుల మధ్య రేడియోలో "ఎడమ పక్క గుంట", "చూశా" అనుకుంటే పూట గడిచిపోయేది. కానీ వెనక అద్దంలో హల్లుర్ జీపు పసుపు దీపాలు ఎప్పుడూ ఉండేవి.

నవంబరులో ఒక తల్లి గొర్రె, దాని ఆడపిల్ల కనిపించలేదు. కెతిల్ బయల్దేరుతుంటే కింది ఇంటి సోల్‌రున్ ఫోను చేసింది.

"ఒక్కడివే పోతున్నావా? బుద్ధుందా నీకు? మా ఆయన్ని పంపనా?"

"మీ ఆయన తారురోడ్డు మీదే బండి దిగబడేసుకుంటాడు. ఆయన్ని తవ్వి తీసేసరికి నాకు పొద్దుగూకుతుంది."

"నోటికేం తక్కువ లేదు! మూడింటికి రేడియోలో పలుకు. పలక్కపోయావో, రక్షణ దళాన్ని లేపుతా."

కొండ మొదట్లో దిగి నాలుగు టైర్లలోనూ గాలి చాలావరకు తీశాడు. వెడల్పాటి టైర్లు పిసికిన పిండిముద్దల్లా పరుచుకున్నాయి. నాలుగు చక్రాలకూ బలం అందే చిన్న గేరు వేసి, మనిషి నడకంత వేగంతో పైకి పోనిచ్చాడు. లోతు మంచులో బండి మంచును కోయకూడదు, దాని మీద తేలాలి. చక్రం ఖాళీగా తిరిగిందా, తన గొయ్యి తనే తవ్వుకుంటుంది.

మధ్యాహ్నానికి ఒక రాతిగుట్ట చాటున రెండూ దొరికాయి. ఊపిరి వేడికి చుట్టూ మంచు కరిగి చిన్న గూడులా అయింది. ఉన్నికి మంచుగడ్డలు వేలాడుతున్నాయి. రెండింటినీ వెనక సీటులోకి ఎక్కించి, వెన్న రాసిన ఎండుచేప తింటూ తిరుగుముఖం పట్టాడు.

అంతలో ఆకాశం, నేల ఒకటే తెలుపైపోయాయి. వచ్చిన జాడ నుంచి యాభై అడుగులు పక్కకు జరిగాడో లేదో, ముందు చక్రాలు గభాలున దిగిపోయాయి. మంచు కింద వాగు. నీళ్ళూ మంచూ కలిసిన చిత్తడి.

చెయ్యి దానంతటదే రేడియో మీదికి పోయింది.

"హల్లుర్, తాడు తీసుకురా."

గరగర తప్ప ఏమీ రాలేదు. మీట వదిలాడు. వెనక గొర్రెపిల్ల దగ్గింది.

"నిన్ను కాదులే అన్నది," అని పార పట్టుకుని దిగాడు.

గట్టి మంచులో గొయ్యి తీసి, అదనపు చక్రాన్ని అందులో పాతి, బంపరులోని మోటారు చుట్టే ఉక్కుతాడును లాగి దానికి తగిలించాడు. మొదటిసారి మోటారు లాగితే పాతిన చక్రమే ఊడి పైకొచ్చేసింది. మళ్ళీ తవ్వాడు, ఈసారి భుజాల లోతున. మూడింటికి సోల్‌రున్ పిలిచింది.

"కూరుకున్నా. నాలుగింటి దాకా చూడు," అన్నాడు.

నాలుగింటికి పది నిమిషాలుండగా జీపు ఒడ్డెక్కింది. ఆ మాట సోల్‌రున్‌కి రేడియోలో చెప్పి, చీకటి పడ్డాక ఇల్లు చేరాడు.

ఆదివారం హల్లుర్ ఫోను.

"ఏరా, కొండకి పోయావంటగా? తోడెవరొచ్చారు?"

"ఇద్దరు ఆడవాళ్ళు."

హల్లుర్ పగలబడి నవ్వాడు. "ఒక్కడివే పోయావన్నమాట," అన్నాడు నవ్వు ఆగాక.

"రేడియో పనిచేస్తోంది," అన్నాడు కెతిల్.

మరుసటి ఏడు సెప్టెంబరులోనే గొర్రెలన్నీ దిగొచ్చాయి, ఒక్కటీ తప్పిపోలేదు. నవంబరులో సోల్‌రున్ కిటికీలోంచి చూస్తే కెతిల్ జీపు కొండ వైపు పోతోంది. ఫోను చేసి అడిగింది.

"ఏం వెతకడానికి పోతున్నావయ్యా?"

"చూసొస్తా," అన్నాడు. "మూడింటికి పలుకుతాలే."

మూడింటికి పలికాడు కూడా.