పోలమ్మ పెట్టిన పులుసు

మా అన్న పోయినాడని మద్రాసు నుంచి తంతి వచ్చింది. మరునాడు ఆయన్ను వాకాడు దగ్గర మా ఊరికే తెచ్చి, నాన్న సమాధి పక్కన ఉంచినాము. వైద్య కళాశాల నుంచి వచ్చినవాళ్లు ఆయన ఆచార్యత్వం గురించీ, తిండి మీదా నెత్తురులోని కొవ్వు మీదా చేసిన పరిశోధన గురించీ మంచిగా మాట్లాడినారు. నాకు తెలిసిన సంగతి ఒకటి అందులో రాలేదు. పదిమందిలో నోరు విప్పే అలవాటు నాకు లేదు. పిల్లలూ, అందుకే మీకోసం ఇప్పుడు కలం పట్టినాను.

మీ మామయ్య వస్తే తిన్నగా వంటింట్లోకి వచ్చేవాడు. దాక మూత తీసి, నూనె ఎంత పోసినావని అడిగేవాడు. ఇంత అని నేను చెయ్యి తిప్పితే నవ్వి, కొలిచి పోయడానికి గిద్దె తెమ్మనేవాడు. "జబ్బును మేము ఆస్పత్రిలో చూస్తామమ్మా. అది మొదలయ్యేది ఇక్కడే" అనేవాడు.

నెయ్యి, మీగడ తినేవాళ్ల నెత్తురుకీ, సముద్రపు చేపలు తినేవాళ్ల నెత్తురుకీ తేడా ఏమిటన్నది ఆయన ప్రశ్న. దానికి మా రేవు పల్లెను ఎంచుకున్నాడు. ఆ ఫలితాలతోనే ఢిల్లీలో పెద్ద సభలో మాట్లాడాలి. ఆ పిలుపు కోసం ఏళ్లు ఎదురుచూసినాడు. సూదంటే పారిపోయే జనాన్ని నేను ఇల్లిల్లూ తిరిగి ఒప్పించినాను.

నెత్తురు తీసే నాటి ఉదయం అందరూ పరగడుపున వచ్చి చేతులు చాచినారు. పని ముగిసినాక, చేపలమ్మే పోలమ్మ మమ్మల్ని భోజనానికి పిలిచింది. పులుసు కలుపుకొని అన్న చెయ్యి ఆపినాడు. అందులో నూనె చుక్క లేదు.

"నూనె నిండుకుందా పోలమ్మా?"

"ఉందయ్యా. నెత్తురులో కొవ్వు చూస్తారంట గదా. పెద్దమనిషి వస్తుంటే వాకిలి ఊడ్చుకోమా? మీకు మాట రాకూడదని పల్లెంతా నూనె మానేసినాము. చేపలు గూడా తగ్గించినాము."

అన్న మళ్లీ పులుసు పోయించుకొని, విస్తరి ఖాళీ చేసి లేచినాడు.

ఇంటికొచ్చినాక మీ నాన్న, "ఎవరికి తెలుస్తుంది బావా, ఉన్నది రాసుకుపో" అన్నారు.

"అది వాళ్లు రోజూ తినే కూడు కాదు బావా. నాకు పెట్టిన విందు" అన్నాడు అన్న.

మనుషుల నెత్తురు కాలవ పాలు కాకూడదని సరుగుడు తోపులో తానే గొయ్యి తీసి, సీసాలన్నీ వొంపి, ఇసుక కప్పినాడు. నేను పక్కన నిలబడి ప్రార్థన చేసినాను. అన్న ఢిల్లీ సభకు పోలేదు. పల్లెలో ఈ మాట ఎత్తవద్దని నా దగ్గర మాట తీసుకున్నాడు. మరుసటేడు వచ్చి, ఈసారి మామూలు తిండి తిని రమ్మని అడిగి, మళ్లీ మొదలుపెట్టినాడు. మొన్న అందరూ పొగిడింది ఆ రెండో నెత్తురునే.

పోలమ్మకు మాత్రం తన మొదటి నెత్తురే ఆయనకు పేరు తెచ్చిందని నమ్మకం. అందుకే ఈ కాగితాలు నా బైబిల్లో దాచండి, ఎవరికీ చూపవద్దు.

సమాధి నాడు మా ఇంట పొయ్యి వెలగలేదు. మధ్యాహ్నం పోలమ్మ దాక నెత్తిన పెట్టుకొని వచ్చింది. అరుగు మీద దించి, "ఈసారి తగ్గించలేదమ్మా" అని మూత తీసింది. పులుసు మీద నూనె ఎర్రగా, మందంగా, ఎండకు మెరుస్తూ తేలింది.