పైన్ నూనె, ముక్కుగారి కుర్చీ

ఆయన్ని అందరూ ముక్కుగారు అనేవాళ్లు. కొండ మీద పైన్ ఆకుల్ని ఆవిరిలో ఉడికించి తీసిన నూనె డబ్బాలు కింద కంపెనీకి దిగగానే, సన్నటి కాగితం ముక్కను అందులో ముంచి, కళ్లు మూసుకుని వాసన పీల్చి తీర్పు చెప్పడం ఆయన ఉద్యోగం. ఘాటుగా ముక్కుకెక్కేది పైనీన్, నిమ్మతొక్కలా తగిలేది లిమోనీన్, అడవి మధ్యలో నిలబడ్డట్టు అనిపించేది బోర్నైల్ అసిటేట్. ఆ నూనెకి ఈ మూడోదే ప్రాణం. ఎవరైనా చవక టర్పెంటైన్ కలిపితే పైనీన్ పొంగిపోయి, ఇది అడుగంటుతుంది. కిటికీ పక్కన ఆయనకో చేతుల కుర్చీ ఉండేది. అందులో యజమాని కూడా కూర్చునేవాడు కాదు. ఆ దర్జా చూసి తీరాలి!

అలాంటి మనిషికి, పాపం, ఓ జ్వరం తరవాత వాసన తెలియడం మానేసింది. మందులు మింగాడు, ఆవిరి పట్టాడు, ఊహూ. పైన్ నూనే, పంపు నీళ్లూ ఆయనకి ఒకటే అయ్యాయి. ఎవరికైనా చెప్పాడా? చస్తే చెప్పడు. భార్యకైనా చెప్పలేదు. ఆవిడ కొండ మీద నూనె బట్టీ పక్కనే పుట్టి పెరిగింది. చెబితే మొహం ఎక్కడ పెట్టుకోవాలి?

అదృష్టం కొద్దీ అప్పుడే కంపెనీకి మిషను వచ్చింది, దాన్ని నడపడానికి చదువుకున్న అమ్మాయి ఒకతె వచ్చింది. చుక్క నూనె వేస్తే చాలు, అందులో ఏది ఎంత ఉందో తెర మీద గీతలుగా లేస్తుంది. ముక్కుగారు కాగితం పీలుస్తూ ఒక కన్ను మూసేవాడు, రెండో కంటితో అద్దం గోడకవతల ఉన్న తెర చూసేవాడు. బోర్నైల్ అసిటేట్ గీత నిటారుగా కనబడితే "భేషైన సరుకు" అనేవాడు.

రోజూ భేషే. చివరికి యజమానికి అనుమానం వచ్చింది. ఓ మధ్యాహ్నం మూడు సీసాలు మూతలు తీసి బల్ల మీద పెట్టాడు. ఒకదాంట్లో తనే టర్పెంటైన్ కలిపానని, అది ఏ సీసాయో తప్పు చెప్పినవాళ్లు ఇక పనిలోకి రానక్కర్లేదని చల్లగా చెప్పి చేతులు కట్టుకున్నాడు.

ముక్కుగారు కాగితం ముంచి, పీల్చి, ఓరకంట తెర చూశాడు. నిన్నటి గీతలే. మొన్నా అవే. అమ్మాయేమో మిషను వదిలేసి ఆయన మొహంలోకే చూస్తోంది.

"పెద్దవారు, ముందు మీరు చెప్పండి బాబాయ్ గారూ."

"కొత్త మిషనుకి మర్యాద ఇవ్వాలి. నువ్వే చెప్పమ్మా."

యజమాని మొహం ఎర్రబడేదాకా ఇదే వరస. ఆఖరికి అమ్మాయే ఏడుపు మొహంతో బయటపెట్టింది. మిషను లోపలి గొట్టం ఎప్పుడో పూడుకుపోయిందట. చెబితే తననే అంటారని, పాత గీతలు తెర మీద పెట్టి, ముక్కుగారు ఏమంటే అదే రాసేస్తోందట. ముక్కుగారేమో ఆమె తెర చూసి చెబుతుంటే, ఆమె ఆయన మాట విని రాస్తోంది! కొండ మీదివాళ్లు కల్తీ చెయ్యని మంచివాళ్లు కాబట్టి ఇద్దరూ బతికిపోయారు గానీ, లేకపోతే కంపెనీ కొంప మునిగేది.

అంతలో భోజనం క్యారియర్ పట్టుకుని భార్య లోపలికొచ్చింది. తెరిచి ఉన్న సీసాల మీదికి అలవాటుగా వంగి, మూడోదాని దగ్గర మొహం చిట్లించింది.

"ఎవరండీ ఇందులో టర్పెంటైన్ పోసింది? బంగారంలాంటి నూనె పాడుచేశారు."

యజమాని నోరు తెరిచాడు. ముక్కుగారు తల దించుకున్నాడు. కుర్చీ పోతే పోయిందనుకుని, అందరి ముందే, "నాకు వాసన తెలియడం లేదే" అన్నాడు.

"తెలుసు. పాలు మాడి ఇల్లంతా పొగచూరిపోతుంటే పక్కగదిలో హాయిగా పేపరు చదువుకున్నారే, ఆ రోజే తెలిసింది. మీరే చెబుతారని చూస్తున్నాను."

ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. దాచుకున్నందుకు అప్పుడు సిగ్గేసింది.

యజమాని మాట మీద ఇప్పుడా కుర్చీలో ఆవిడ కూర్చుంటోంది. మిషనుకి కొత్త గొట్టం వచ్చింది, నాలుగు చీవాట్లతో బయటపడ్డ అమ్మాయీ ఆవిడా రోజూ కీచులాడుకుంటూ కలిసే పని చేస్తున్నారు. వంట చేసి క్యారియర్ తెచ్చేది ముక్కుగారు. కూర మాడిందో లేదో ఆయనకి తెలియదు, ఆవిడ ఏమీ అనకుండా తినేస్తుంది. తిన్నాక మంచి నూనెలో ముంచిన కాగితం ఆయన ముక్కు దగ్గర పెట్టి, ఏమైనా తెలుస్తోందా అని అడుగుతుంది. ఆయన కళ్లు మూసుకుని గట్టిగా పీలుస్తాడు.

"ఇంకా లేదే" అని నిజమే చెబుతాడు.