వంక పెట్టని పూట

మా బావ బాలగంగాధరం వంట చేస్తే నేను వంక పెట్టి తీరాలి. మేనత్త కొడుకు, నాకంటే ఏడాది పెద్ద. అమలాపురం చుట్టుపక్కల పెళ్ళికైనా తద్దినానికైనా అతనే వంటస్వామి. పులిహోర తింటూ "చింతపండుకి కరువొచ్చిందా బావా" అనేవాణ్ణి. నేను బడిపంతుల్ని కాబట్టి, "నీ నాలిక మీద సుద్దముక్కల పొడి పేరుకుపోయింది, నీకేం తెలుస్తుంది" అనేవాడు. పాతికేళ్ళు ఇదే సాగింది. లోపం లేని వంటలో వంక వెతకడం ఎంత కష్టమో నాకే తెలుసు.

మడి వంటలో రుచి చూడకూడదు. దేవుడికో పితృదేవతలకో పెట్టేలోగా ఒక్క మెతుకు నోట్లో వేసుకున్నా ఎంగిలే. అందుకని మా బావ గిన్నె మీద మూత ఓరగా తీసి, ఆవిరి మొహానికి తగలనిచ్చి, ఉప్పు ఇంకో అరచెంచా పడాలనేవాడు. ఘ్రాణేన అర్ధభోజనం అన్నారు కదా, సగం ఎంగిలి చేసేశావని ఏడిపిస్తే, మిగతా సగం మీకే వదిలేనుగా అనేవాడు. ఈ విద్య అతనికి నేర్పింది మా నాన్న. నాన్న పెద్ద వంటస్వామి. నాకు గరిటె అబ్బలేదు. పోయేముందు తన ఇత్తడి గరిటె మేనల్లుడి చేతికే ఇచ్చాడు.

పెళ్ళిళ్ళన్నీ కేటరింగుల వాళ్ళ పాలయ్యాక, నాలుగేళ్ళ కిందట బావ షార్జా వెళ్ళాడు, అక్కడో తెలుగువాళ్ళ హోటల్లో వంటకి. ఆ హోటలుకి భోజనానికి వచ్చేవాళ్ళలో ఒకాయనకి వేప్ లిక్విడ్లు కలిపే ఫ్యాక్టరీ ఉంది. వేప్ అంటే పెన్నులా ఉండే కరెంటు సిగరెట్టు. మన దేశంలో అమ్మనివ్వరు. అందులో పోసే నీళ్ళమందుకి మామిడి, పుచ్చకాయ, పుదీనా అంటూ రకరకాల రుచులు కలుపుతారు. ఆయన ఓ రోజు జేబులోంచి సీసా తీసి, ఇది పనసపండు రుచి అన్నాడట. మా బావ మూత తీసి వాసన చూసి, పనస కాదండీ, మాగిన అరటి, అదీ తొక్కతో సహా అన్నాడట. మర్నాటి నుంచీ అతని ఉద్యోగం మారిపోయింది.

ఫోన్లో వర్ణించి చెప్పేవాడు. తెల్లటి గది. బల్ల మీద సీసాల వరస, పేర్లుండవు, నంబర్లే. ఒక్కోటీ పీల్చి, నోట్లో తిప్పి, ముక్కులోంచి వదలాలి. నీళ్ళు పుక్కిలించి, కాఫీగింజలు వాసన చూసి, రెండోది పీల్చాలి. రెంటినీ పోల్చి ఏది మెరుగో, ఎందుకు మెరుగో రాయాలి. రోజుకి నలభై. జన్మలో బీడీ ముట్టని మనిషి, తన వంటే తను రుచి చూడని మనిషి! నేను మాత్రం నవ్వాను. పితృదేవతలకి పెట్టకుండా అంతా నువ్వే లాగించేస్తున్నావా అన్నాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

కంపెనీకి ఇంగ్లీషులో మార్కులు వేసి ఇచ్చినా, తనకోసం ఒక నోట్‌బుక్కులో తెలుగులో రాసుకున్నాడు. తిరిగొచ్చాక చూపించాడు. "ఏడు, మామిడి. కొత్తపల్లి కొబ్బరీ కాదు, రసమూ కాదు. తాండ్ర ఎండబెట్టిన చాప." "పన్నెండు, అరటి. రావులపాలెంలో గెలలు దింపేసిన లారీ." "పంతొమ్మిది, ఇరవైమూడు, రెండూ కొబ్బరే. పంతొమ్మిది ఉత్త సబ్బు. ఇరవైమూడు కొంచెం నయం, కోరిన కొబ్బరి అరగంట ఎండలో మర్చిపోయినట్టు." పాతికేళ్ళు తెలుగు చెప్పినవాణ్ణి, నాకు ఇలాంటి వాక్యం ఒక్కటి రాలేదు. బాగా రాశావని అందామనుకుంటూ చివరి పేజీలు తిప్పాను. నూటపది, తెలీలేదు. నూటపదకొండు, తెలీలేదు. పేజీ అంతా అదే మాట. నా చేతిలోంచి పుస్తకం లాక్కుని, అవి ఖాళీ సీసాల్లే అన్నాడు.

అసలు సంగతి అమృతవల్లి చెప్పింది, అతని భార్య. అతను ఇంట్లో లేని సమయం చూసి వచ్చి, గుమ్మంలోనే నిలబడింది.

"అన్నయ్యగారూ, ఆయనకి వాసన పోయిందండి. పుదీనా సీసా, కాఫీ సీసా ఒకటే అని రాసేరట. పంపించేసేరు. ఈ మాట బయటికొస్తే ఇంక వంటకి పిలిచేవాళ్ళుండరు."

కాకినాడలో డాక్టరుకి చూపించారట. ఆ పొగ వల్లో, మధ్యలో వచ్చిన జ్వరం వల్లో చెప్పలేమనీ, తిరిగి వస్తుందో రాదో అంతకన్నా చెప్పలేమనీ అన్నాడట. అప్పటినుంచీ చిన్నాచితకా వంటలకి అమృతవల్లి కూడా వెళ్ళి, పక్కన కూరలు తరుగుతూ, పోపు మాడబోతే దగ్గుతోందట. అలా ఆర్నెల్లు నెట్టుకొచ్చారు.

నాకో తెలివి పుట్టింది. నాన్న తద్దినానికి బావనే పిలుస్తాను. తద్దినంలో భోక్తలుగా కూర్చున్న బ్రాహ్మలు వంటని మెచ్చుకోకూడదు, తప్పు పట్టకూడదు. తలొంచుకుని తినాలి. బావకి ఇంతకంటే క్షేమమైన వంట ఏముంది? నాలుగిళ్ళలో ఇలాంటివే చూసిపెడితే చాలు, బతికిపోతాడనుకున్నాను. దింపుడు కళ్ళం ఆశ అంటే ఇదే కాబోలు.

ఆవేళ అమృతవల్లి రాలేదు. వాళ్ళక్క కూతురి పురిటికి ముమ్మిడివరం వెళ్ళాల్సి వచ్చింది. బావ ఒక్కడే తెల్లారుతూనే వచ్చి, తడిబట్టతో మడి కట్టుకుని, పెరట్లో కొబ్బరికాయలు కొట్టుకున్నాడు. ఈ సీమలో కాయ కొట్టగానే చెక్క ముక్కు దగ్గర పెట్టుకోని మనిషి ఉండడు. అతనూ పెట్టుకున్నాడు. నేను చూశాను. అలవాటు చొప్పున తలకూడా ఊపాడు.

భోక్తలిద్దరూ తిన్నారు. పెద్దాయన చెయ్యి పచ్చడి దగ్గర ఒక్క క్షణం ఆగింది. మళ్ళీ కలుపుకున్నాడు. ఆకులో ఏమీ మిగల్చలేదు. తృప్తి అయిందా అని కర్త అడగాలి, అయిందని వాళ్ళు అనాలి. అడిగాను. అన్నారు. తాంబూలం పుచ్చుకుని వెళ్ళిపోయారు.

తరవాత నేను కూర్చున్నాను. కొబ్బరి పచ్చడి మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే తెలిసింది. సబ్బు. కాయ మురిగిపోయింది. అరటికాయ కూరలో కూడా అదే కొబ్బరి. మా ఆవిడ శ్రీవిద్య వడ్డిస్తూ నా మొహం చూసి ఆగిపోయింది. వంటింటి గుమ్మంలో బావ నాన్న గరిటె పట్టుకుని నిలబడి ఉన్నాడు, నేను పెట్టే వంక కోసం. ఉప్పెక్కువైందనో, కారం చచ్చిందనో ఏదో ఒకటి అనేసి ఉంటే గడిచిపోయేది. జాలి నా కొంప ముంచింది.

"బాగుంది బావా. అన్నీ కుదిరాయి," అన్నాను.

అతను గరిటె దించాడు.

"పాతికేళ్ళలో ఒక్కసారీ బాగుందన్లేదు నువ్వు. ఏది పోయింది?"

ఏమీ పోలేదన్నాను. అతను కదల్లేదు. చివరికి కొబ్బరి అని చెప్పాను.

లోపలికి వెళ్ళి పచ్చడి గిన్నె తెచ్చుకుని గట్టిగా ఊపిరి పీల్చాడు. తరవాత నేను ఎన్నడూ చూడని పని చేశాడు. తన వంట వేలితో తీసి నాలిక మీద వేసుకున్నాడు. చాలాసేపు చప్పరించాడు.

"ఉప్పు తెలుస్తోంది. ఇంకేం లేదు," అన్నాడు. "వాళ్ళు తినేసేరా?"

తిన్నారని చెప్పాను. అతను గోడకి జారబడి కూర్చున్నాడు. మామయ్యకి ఇది పెట్టేనా అని ఒక్కసారి అన్నాడు. నేను ఎదురుగా ఎంగిలి చేత్తో అలాగే కూర్చున్నాను. ఓదార్చడానికి నా దగ్గర ఉన్న ఒక్క అబద్ధం అప్పటికే వాడేశాను.

సంభావన తీసుకోలేదు. గిన్నెలన్నీ తనే తోమి బోర్లించి, గరిటె తుడిచి శ్రీవిద్య చేతిలో పెట్టి, ఇది మీ ఇంట్లో ఉండాలమ్మా అని వెళ్ళిపోయాడు. మర్నాటి నుంచీ ఎవరు పిలిచినా వంటకి వెళ్ళలేదు. కొత్తపేటలో ఎరువుల కొట్టులో బస్తాలు లెక్కపెడుతున్నాడు. ఆ కొట్లో కాసేపు నిలబడితే ఆ ఘాటుకి నేను ముక్కు మూసుకుంటాను. అతనికి ఏ ఇబ్బందీ లేదు.

మా ఇంటికి రావడం మానేశాడు. దారిలో కనిపిస్తే బావా అని పలకరిస్తాడు, అంతే. తద్దినమైన వారానికి మా వంటింటి అటకమీద అతని నోట్‌బుక్కు దొరికింది. మర్చిపోయాడో, వదిలేశాడో నేను అడగలేదు. చివరి పేజీలో, నంబరు వెయ్యకుండా, ఆ రోజు తారీఖుతో రాసి ఉంది. "మామయ్య తద్దినం. కొబ్బరి పచ్చడి. తెలీలేదు."