అక్క చేసిన సబ్బు పెట్టె ఆంప్లిఫయర్

ఆ డబ్బా పని చేయకపోయి ఉంటే బాగుండేదా... ఇన్నేళ్లుగా నన్ను వదలని ప్రశ్న.

మా చిన్నప్పుడు... ఖాజాగూడ ఇంకా సిటీలో కలవని ఊరే. సాయంత్రం కాగానే అక్కా నేనూ గుట్ట మీది బండ ఎక్కేవాళ్లం, మామ దుబాయ్ నుంచి తెచ్చిన వాక్‌మన్ పట్టుకుని. హెడ్‌ఫోన్ ఒక్కటే. దాని స్పాంజి బిళ్లలు బయటికి తిప్పి, ఒకటి నా చెవికి, ఒకటి అక్క చెవికి... తలా తలా ఆనించి కూర్చోవాలి. కదిలామా, పాట జారిపోయేది.

పాట ఒకటే, ఒక్కొక్కరికీ వినిపించేది మాత్రం సగం.

"నా దిక్కు వయొలిన్ వస్తుందే... నీ దిక్కు ఏముంది?" అక్క అడిగేది.

"తబలా!"

"అబద్ధం. ఏదీ, ఇటియ్యి."

"ఇయ్య. నువ్వింటే ఇగ నేనేం చెప్పాలె?"

అక్క పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్‌లో చేరింది. నేను సగం పాటే వింటున్నానని తనకి బాధ. కోఠి నుంచి ఇంకో హెడ్‌ఫోన్ తెచ్చింది. రెండూ కలిపి పెడితే వాక్‌మన్ గొంతు పీలగా అయిపోయింది. అందుకే ఆంప్లిఫయర్... రెండు పెన్సిల్ సెల్స్‌తో నడవాలి, సబ్బు పెట్టెలో పట్టాలి.

వంటింటి గట్టు మీద అక్క సోల్డరింగ్ చేస్తుంటే నేను సీసం తీగ అందించేదాన్ని.

"ఏందే గీ కంపు? నా సబ్బు పెట్టె ఏది?" అంటూ అమ్మ వచ్చింది.

"జర ఆగమ్మా, పాట వండుతున్నం," అంది అక్క.

మొదటిసారి గుయ్యిమని రొద తప్ప ఏమీ రాలేదు. కెపాసిటర్ ఒకటి తిరగేసి పెట్టిందట. సరిచేసింది. అప్పుడొచ్చింది పాట... నిండుగా, రెండు చెవుల్లోకీ. వయొలిన్ అంత దగ్గరగా ఉంటుందని నాకు తెలియదు. ఏడుపొచ్చినంత పనైంది.

అక్క తన హెడ్‌ఫోన్ పెట్టుకోవడం మరిచి నా మొహమే చూస్తోంది.

"మంచిగుందా?"

"మస్తుందక్కా!"

మర్నాడు బండకి ఆ చివర అక్క, ఈ చివర నేను. తీగలు పొడుగ్గా ఉన్నాయి కదా... పాట అయిపోయింది. నీ దిక్కు ఏముందని ఎవరమూ అడగలేదు. ఇద్దరికీ అన్నీ వినిపిస్తుంటే ఇక అడగడానికేముంది...

ఇప్పుడు అక్క మియాపూర్‌లో, నేను మాదాపూర్‌లో. ఎప్పుడైనా కలిసి మెట్రో ఎక్కితే పక్కపక్కనే కూర్చుంటాం... ఎవరి చెవుల్లో వాళ్ల పాట. మొన్న, "నీ దిక్కు ఏమొస్తుందక్కా?" అని అడగబోయాను. తను కళ్లు మూసుకుని వింటోంది.

ఒక్క హెడ్‌ఫోన్‌ని ఇద్దరు పంచుకున్న రోజులు మీకూ ఉంటే రాయండి... మీ దిక్కు ఏం వినిపించేదో చెప్పండి.

సబ్బు పెట్టె నా దగ్గరే ఉంది. సెల్స్ కారి లోపలంతా పచ్చగా తుప్పు పట్టింది. అక్క అంత ప్రేమగా చేసిన ఆ డబ్బాయే మమ్మల్ని చెరో చివరకి జరిపిందా, లేక మేమే పెద్దవాళ్లమైపోయామా... నాకు తెలియదు. దాన్ని బాగుచేయమని అక్కకి ఇవ్వాలో వద్దో కూడా ఇంకా తేల్చుకోలేదు.