సింహాచలం సంచిలో గాలం

ఆ గాలం సింహాచలం సంచిలో పెట్టింది నేనే. ముప్పై అయిదేళ్ళు దాచిన ఈ మాట ఇప్పుడు రాస్తున్నది ధైర్యం వచ్చి కాదు. పోయిన నెల, నాన్న సంవత్సరీకం అయ్యాక, ఆయన ట్రంకుపెట్టె తెరిస్తే కలరా ఉండల వాసనతో పాటు, నది దగ్గర చూసినవి రాసుకునే నోటుబుక్కు బయటపడింది. దాని అట్టకు గుచ్చి అదే గాలం ఉంది, తుప్పు పట్టి, మెడకు ఎర్ర దారం చుట్టుకుని.

నాన్న గూడ్సు గార్డు. శ్రీకాకుళం నుంచి రాయపూరు రైల్వే కాలనీకి వచ్చి స్థిరపడ్డాడు. డ్యూటీ లేని ఆదివారం వస్తే చాలు, సైకిలు ముందు కడ్డీ మీద నన్ను, వెనక క్యారియర్ మీద మా పక్క లైనులో ఉండే గ్యాంగ్‌మాన్ కొడుకు సింహాచలాన్ని ఎక్కించుకుని ఖారూన్ నదికి తొక్కేవాడు. అమ్మ కట్టిచ్చిన పులిహోర, చేపలకు వేయడానికి మురీలనే మరమరాలు, ఆ నోటుబుక్కు, ఇంతే మా సామాను. ఎండాకాలంలో దారి పొడుగునా రాలిన ఇప్పపూల మత్తు వాసన, వానల్లో ఎర్రమట్టి కలిసి టీ రంగులో ఉరికే నీళ్ళు, చలికాలం పొద్దున ఒడ్డున తెల్లమద్దుల మొదళ్ళు కనబడనంత పొగమంచు. ఎడ్లను పూజించే పోలా పండగ రోజుల్లో అయితే పడవవాడు ధనీరాం భార్య కరకరలాడే శనగపిండి ఠేఠ్రీలు మా జేబుల నిండా పోసేది.

ఉర్లా వైపు నది ఒంపు తిరిగేచోట లోతైన మడుగు ఉండేది. దాన్ని కాపాడింది సర్కారు బోర్డు కాదు, పడవలు నడిపే కేవట్ల మాట. అక్కడ వల వేయకూడదు, గాలం వేయకూడదు, గట్టు మీది మద్దికొమ్మ విరవకూడదు. పడవ ఎక్కేముందు ఎంతటివాడైనా సంచి ఇసకలో దులిపి చూపించాలి. గాలం దొరికినవాడు మోకాలిలోతు నీళ్ళలో నిలబడి, తన తప్పు పైకి చెప్పి, చేపలకు మురీలు వేస్తే తప్ప మళ్ళీ పడవ ఎక్కనివ్వరు. అందుకే అక్కడి చేపలు మనిషి నీడ పడితే పారిపోయేవి కాదు, మూతులు తెరుచుకుని పైకి వచ్చేవి.

నాన్న నోటుబుక్కులో రెండు గడులు. ఒకదానిలో కనబడింది, రెండోదానిలో మొదట చూసినవాడు. నీటికాకి – సింహాచలం. ఒడ్డున బొరియలో లకుముకి పిట్ట గూడు – సింహాచలం. వేసవిలో నీళ్ళు తగ్గినప్పుడు ఇసకలోంచి తేలిన రాతిమెట్లు, అడుగుమెట్టు మీద చెక్కిన పాదాల జత – సింహాచలం. ఆ మెట్లు హైహయ రాజుల నాటివని నాన్న నమ్మకం. ఆ పూట ఆయన వాణ్ని ఎత్తి భుజం మీద కూర్చోబెట్టుకున్నాడు.

"ఒరే రాంబాబూ, ఈడి కళ్ళు సూడ్రా! నువ్వేటి సూసినావు, పులిహోర డబ్బాయేనా?" అన్నాడు నాతో.

ధనీరాం కూడా నవ్వాడు. నేను పులిహోర డబ్బా మూత గట్టిగా నొక్కి పెట్టేశాను. 'నా కొడుకులాంటివాడు' అని నాన్న వాణ్ని ఒక్కరోజూ అనలేదు గాని, నాకు రోజూ వినబడేది. వాడి చిరిగిన చొక్కా మీద, సైకిలు వెనక వాడు పాడే కూనిరాగం మీద, చివరికి వాడి చూపు మీద కూడా ఈర్ష్యే.

తరవాతి ఆదివారం బయలుదేరేముందు నాన్న ట్రంకులోంచి మా తాత గాలం ఒకటి తీసి వాడి గుడ్డసంచి అడుగున పెట్టాను. తాత తన గాలాలన్నింటికీ ఎర్రదారం చుట్టేవాడు. అంత పెద్ద గుర్తు నాకు తోచనే లేదు. మా ఇద్దరికీ పదకొండేళ్ళు.

మడుగు దగ్గర సంచి దులిపాడు సింహాచలం. గాలం ఇసకలో పడి మెరిసింది.

"ఏ కాకర్ ఏ?" అన్నాడు ధనీరాం. ఇదెవరిదని.

"నాది కాదు మావా! అమ్మతోడు, నాది కాదు!" వాడు ధనీరాంతో కాదు, నాన్నతో చెబుతున్నాడు.

నాన్న వంగి గాలం తీసుకున్నాడు, వేళ్ళ మధ్య తిప్పి చూశాడు, జేబులో వేసుకున్నాడు. నీళ్ళలో దిగి ఒప్పుకోమన్నాడు ధనీరాం. చెయ్యని తప్పు చెప్పనని సింహాచలం ఏడుస్తూ పొలాలకు అడ్డంపడి నడిచి వెళ్ళిపోయాడు. ఆ తరవాత వాడూ నదికి రాలేదు, నాన్నా వెళ్ళలేదు. నోటుబుక్కు అక్కడితో ఆగిపోయింది. నాన్నకు వాడంటే అంత ప్రాణమని, వాడు లేకపోతే నదే అక్కర్లేకపోయిందని, నేను ఇంకా కుళ్ళుకున్నాను.

పోయిన నెల గాలం దొరికిన రోజు ట్రంకు పక్కనే కూలబడ్డాను. ఇసకలో ఆ ఎర్రదారం చూసిన క్షణమే నాన్నకు తెలుసు. నా పేరు బయటపెట్టకుండా, ఆ ఒక్కసారి ఆయన నన్నే ఎంచుకున్నాడు. ఏ ప్రేమ కోసం అంత పని చేశానో అది నాకు దొరికింది, దాని వెల మాత్రం సింహాచలం ఇచ్చుకున్నాడు.

మర్నాడే మోవాలో సింహాచలం ఇంటికి వెళ్ళాను. సిల్తారా ఫ్యాక్టరీలో ఫిట్టరు, జుట్టు సగం తెల్లబడింది. అంతా చెప్పి గాలం చేతిలో పెట్టాను. ఎర్రదారాన్ని గోటితో గీకి చూశాడు.

"మావకి తెల్సా?"

"తెలుసు."

"అయితే మావ నన్ను దొంగనుకోనేదన్నమాట."

ఆ మాటంటున్నప్పుడు అతని ముఖంలో వచ్చిన వెలుగు చూసి, ఈ వయసులో కూడా, నాకు చివుక్కుమంది. అది కూడా ఒప్పుకోవాలి కదా.

"ఏటలా సూస్తావు? పద. రూల్ తో రూల్ హై," రూలంటే రూలే అని లేచాడు.

మడుగు దగ్గర ఇప్పుడు మద్దులు లేవు. మెట్లున్న చోట ఇసక తవ్వుకుపోయిన గుంట ఉంది. ధనీరాం లేడు, అతని పడవ లేదు, సంచి దులపమనేవాడూ లేడు. గట్టున కూర్చున్న సింహాచలం ఒక్కడే వింటుండగా మోకాలిలోతు నీళ్ళలో నిలబడి, నా పేరు చెప్పి, నేను చేసింది పైకి చెప్పాను.

"జోరుగా సెప్పరా, సేపలకి ఇనబడాల!"

మళ్ళీ చెప్పాను. మురీలు చల్లాను. ఒక్క మూతీ పైకి రాలేదు. మురీలే తెల్లగా తేలుతూ ఒంపు దాటి పోయాయి.

"అదిగోరా, లకుముకి!" అన్నాడు సింహాచలం. నాకు కనబడలేదు. నోటుబుక్కు తీసి, నాన్న వదిలేసిన గీత కింద నా చేత్తోనే రాశాను. లకుముకి పిట్ట – సింహాచలం. బుక్కు అతనికి ఇచ్చేశాను.