ఏం చెప్పినాను, చెప్పు

మొన్న పొద్దున అంగడి తెరిచి మిషనుకు నూనె వేస్తున్నాను. షేర్ ఆటో నడిపే మా వీధి డ్రైవరు బండి దిగకుండానే కేక వేశాడు. "అన్నా, మందులంగడక్క పోయినాదంట! బెంగుళూరు ఆస్పత్రిలో!" నూనె డబ్బా చేతిలోనే ఉండిపోయింది. టీవీలో అప్పటికే 'మాజీ పార్లమెంటు సభ్యురాలి కన్నుమూత' అని వేస్తున్నారట. మా కళ్యాణదుర్గంలో మాత్రం ఆ మాట ఎవరి నోటా రాలేదు. ఢిల్లీకి పోకముందు, అక్కడున్నప్పుడు, తిరిగొచ్చాక కూడా ఆమె మాకు మందులంగడక్కే.

ఆమె మందుల అంగడికీ నా టైలరు అంగడికీ మధ్య ఉన్నది ఒక్క గోడ. అదీ తల ఎత్తు వరకే, ఆ పైన ఖాళీ. అటువైపు దగ్గితే ఇటు వినబడుతుంది. ముప్పై ఏళ్ళకు పైగా ఆమె మాటలు వింటూ గుడ్డలు కుట్టినవాణ్ణి. కాబట్టి ఆమె గురించి నాలుగు మాటలు రాసే హక్కు పెద్దపెద్ద నాయకుల కన్నా నాకు రవ్వంత ఎక్కువే ఉందనుకుంటాను. కాదనేవాళ్ళు అంగడికొచ్చి నాతో పోట్లాడవచ్చు.

వాన మీద ఆధారపడి వేరుశనగ, మా మాటలో బుడ్డలు, వేసుకునే ఇంటి పిల్ల. ఫార్మసీ చదివి వచ్చి సొంతంగా మందుల అంగడి పెట్టింది. బోర్డు కట్టకముందే నా దగ్గరికి వచ్చింది.

"ఏమప్పా, నాకొక తెల్లకోటు కుట్టాల. జేబులు పెద్దవి పెట్టు."

"ఈ ఎండలకు కోటెందుకక్కా? ఉడికిపోతావు" అన్నాను.

"కోటు లేకుంటే వచ్చినోళ్ళంతా 'మీ నాయన యాడమ్మా, పిలుచు' అంటారు."

కోటు కుట్టిచ్చాను. అయినా మొదట్లో చాలామంది మీ నాయన యాడమ్మా అనే అడిగారు. "మా నాయన సేన్లో ఉండాడు. ఆయప్పకు బుడ్డల సంగతి తెలుసు, మందుల సంగతి తెలీదు. ఏం కావాలో నాకు చెప్పు" అనేది.

ఆమెకు ఒక అలవాటు ఉండేది. మాత్రలు ఊరికే చేతిలో పెట్టి పంపేది కాదు. చదువు రానివాళ్ళ కోసం కవరు మీద పొద్దుటికి సూర్యుణ్ణి, రాత్రికి చంద్రుణ్ణి గీసేది. ఎప్పుడు వేసుకోవాలో, తిని వేసుకోవాలో తినకముందు వేసుకోవాలో నిదానంగా చెప్పేది. చెప్పాక కవరు మీద చెయ్యి పెట్టి, "ఇప్పుడు నేనేం చెప్పినాను, చెప్పు" అనేది. ఎదుటివాడు ఒప్పజెప్పాలి. తప్పు పోతే మళ్ళీ మొదటినుంచి. సరిగ్గా చెబితే "ఆ, ఇంక పో" అని చెయ్యి తీసేది. ఆ 'ఇంక పో' అనేదాకా ఎవరూ కదలడానికి లేదు.

ఒకసారి పెద్ద భూస్వామి ఒకాయనకు కోపం వచ్చింది. "నన్నే ఒప్పజెప్పమంటావా? నేనేమన్నా బడిపిల్లోణ్ణా?" అని అరిచాడు.

"బడిపిల్లోడైతే ఒగసారి చెప్తే సాలు పెద్దాయనా. నీకైతే రెండుసార్లు చెప్పాల" అంది అక్క.

గోడకివతల నేను నవ్వాపుకోలేక నోట్లో గుడ్డ కుక్కుకున్నాను. ఆయన మందులు అక్కడే వదిలేసి పోయాడు. మరుసటి రోజు కొడుకును పంపాడు. "ఆయన్నే రమ్మను, సుగరు ఆయనకు గదా" అని వెనక్కి పంపింది. ఆయన వచ్చాడు, ఒప్పజెప్పాడు, 'ఇంక పో' అనిపించుకున్నాడు. తర్వాత చాలాకాలం అందరికీ ఆ కథ తనే చెప్పుకొని మురిసిపోయేవాడు.

అంతా మంచే రాస్తే ఆమెకే నచ్చదు. నా గుడ్డ కత్తెర అడిగి తీసుకుని మాత్రల రేకులు కత్తిరించేది. రేకు కోసిన కత్తెర గుడ్డకు పనికొస్తుందా? ఎన్నిసార్లు మొత్తుకున్నా "ఒగ రేకేనప్పా, దానికేమవుతాది" అనేది. ఆ ఒక్క విషయంలో మాత్రం ఆమె నేను చెప్పింది ఎప్పుడూ ఒప్పజెప్పలేదు.

ఇక ఆమెను ఢిల్లీ దాకా నడిపించిన సంగతి చెప్పాలి. అది మా ఆపా ఊళ్ళో మొదలయింది. ఆపా అంటే మా పెద్దక్క. బస్సు దిగి ఇంకా కొంత దూరం నడిస్తే వచ్చే ఊరికి ఆమెను ఇచ్చాము. ఆ ఊళ్ళో నలభై దాటినవాళ్ళు డెబ్బై ఏళ్ళవాళ్ళలా నడుస్తారు. పిల్లల పళ్ళ మీద గోధుమరంగు చారలు. మనిషి నవ్వితే ఏ ఊరో చెప్పేయవచ్చని మేమంతా ఎగతాళి చేసేవాళ్ళం. కీళ్ళ నొప్పుల మాత్రల కోసం ఆ ఊరివాళ్ళు సంతకు వచ్చినట్టు అక్క అంగడికి వచ్చేవాళ్ళు. "రోజూ మింగితే కిడ్నీలు పోతాయి. నీళ్ళు కాసి తాగండి, మంచిది" అని అక్క అందరికీ చెప్పేది. ఆమె చెప్పిందంటే వేదమే. ఊరంతా బోరు నీళ్ళు కాచడం మొదలుపెట్టింది. మా ఆపా అయితే తుమ్మ కట్టెల పొయ్యి మీద సగానికి సగం మరగనిచ్చేది. ఎంత కాస్తే అంత మంచిదని ఆమె నమ్మకం.

ఒకరోజు ఆపా మాత్రలకు వచ్చినప్పుడు అక్క ఉన్నట్టుండి అడిగింది. "ఆపా, మీ ఊర్లో మోకాళ్ళు నొయ్యనోళ్ళు ఎవరన్నా ఉండారా?"

ఆపా ఆలోచించింది. "కొత్తగా వచ్చిన కోడండ్లకు నొయ్యవమ్మా. నాలుగేండ్లు గడిస్తే వాళ్ళు గూడా మా మాదిరే."

ఆ తర్వాత అక్క ఆ ఊరి బోరు నీళ్ళు సీసాలో తెప్పించి, అనంతపురం పంపి పరీక్ష చేయించింది. నీళ్ళలో ఫ్లోరైడు. మనిషి తాగదగినదానికన్నా చాలా ఎక్కువ. కాస్తే అది పోదు. నీరు ఆవిరై తగ్గేకొద్దీ మిగిలిన నీళ్ళలో ఇంకా చిక్కబడుతుంది.

ఆ ఆదివారం నన్ను వెంటబెట్టుకుని ఆ ఊరికి పోయింది. బడి వరండాలో జనాన్ని కూర్చోబెట్టింది. తెల్లకోటు వేసుకునే వచ్చింది. "కాసి తాగమని మీకు చెప్పింది నేనే. తప్పు చెప్పినాను. కాస్తే ఆ విషం ఎక్కువైతాది. ఇంక కాయొద్దండి. అసలు ఆ బోరు నీళ్ళే తాగొద్దండి" అంది. తప్పు చెప్పినాను అనే మాట చదువుకున్నవాళ్ళ నోట అంత గట్టిగా, అంతమంది ముందు నేను అంతకుముందు వినలేదు. ఎవరూ తిట్టలేదు. మా ఆపా మాత్రం అడిగింది.

"సరేమ్మా. మరి ఏ నీళ్ళు తాగాల?"

తిరిగి వచ్చేటప్పుడు అక్క దారి పొడుగునా ఎండిన చేన్లను చూస్తూ కూర్చుంది. ఊరు దగ్గరకొచ్చాక అంది: "దీనికి నా అంగట్లో మందు లేదప్పా."

ఆ మందు వెతుక్కుంటూనే ఆమె రాజకీయాల్లోకి పోయింది. పదవి కోసం పోయిందనేవాళ్ళను నేను ఊరుకోను. ఏళ్ళ తరబడి ఆఫీసుల చుట్టూ తిరిగింది. అర్జీ ఇచ్చేది, తీసుకున్నవాడు 'చూస్తాం' అనేవాడు. 'చూస్తాం' అనే మాత్రకు ఏ జబ్బూ తగ్గదని ఆమెకు తెలుసు. చివరికి ఒక పార్టీ పిలిచి ఎంపీ టిక్కెట్టు ఇచ్చింది. ఎట్లాగూ గెలవని సీటని ఇచ్చారని మా వీధిలో అందరికీ తెలుసు. రాజకీయాలంటే పెద్ద భూములున్న ఇళ్ళ సొత్తుగా ఉన్న చోట మందులు అమ్ముకునే ఆడమనిషికి ఎవరు ఓటేస్తారని వాళ్ళ లెక్క. వాళ్ళకు తెలియనిది ఒకటే. జిల్లాలో సగం ఇళ్ళలో ఆమె గీసిన సూర్యుడూ చంద్రుడూ ఉన్నారు.

ప్రచారానికి ఆపా ఊరికి వచ్చినప్పుడు నేనూ ఉన్నాను. "పైపులో నది నీళ్ళు ఈ ఊరికి తెప్పిస్తా. అవి వచ్చేదాకా మళ్ళా ఈ ఊర్లో ఓటడగను, కాలు పెట్టను" అంది. జనం చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లలో మా ఆపా గోడ పట్టుకుని లేచి నిలబడింది.

"ఏమ్మా, ఇప్పుడు నువ్వేం చెప్పినావు, చెప్పు."

ఊరంతా ఒక్కసారిగా నవ్వింది. అక్క నవ్వలేదు. కౌంటరు ముందు నిలబడిన రోగి మాదిరి చేతులు కట్టుకుని, మాట పొల్లుపోకుండా ఒప్పజెప్పింది.

"ఆ, ఇంక పో" అంది ఆపా.

గెలిచింది. ఢిల్లీ పోయింది. సెలవుల్లో ఊరికి వచ్చినప్పుడు తెల్లకోటు తొడుక్కుని కౌంటర్లోనే కూర్చునేది. అర్జీలు తెచ్చినవాళ్ళను "ఎప్పటినుంచి ఉండాది ఇది? ముందు యాడ చూపించినావు?" అని అడిగేది. అధికారులు వస్తే వాళ్ళకూ అదే శిక్ష. ఒక ఇంజనీరు "చూస్తాం మేడమ్" అంటే, "చూస్తాం కాదు సారూ, నేనేం చెప్పినాను, చెప్పండి" అంది. పాపం, ఆయన మా ఊరి ముసలివాళ్ళ మధ్య నిలబడి పైపులైను సంగతి మూడుసార్లు ఒప్పజెప్పి చెమట తుడుచుకున్నాడు. సొంత పార్టీవాళ్ళు బంద్ చేయమన్నా అంగడి మూసేది కాదు. "జరానికి బంద్ లేదు నాయనా, షట్టరుకెట్ల ఉంటాది?" అని వాళ్ళను పంపేసేది.

పార్లమెంటు ఎట్లుంటుందక్కా అని ఒకసారి అడిగాను. "బాగుంటాదప్పా. అందరూ బాగా మాట్లాడతారు. విన్నారా లేదా అని అడిగేవాళ్ళే లేరు" అంది.

మళ్ళీ ఎన్నికలు వచ్చేనాటికి పైపు పక్క ఊరిదాకా వచ్చి ఆగిపోయింది. ఆపా ఊళ్ళో ట్యాంకు కట్టారు. చుక్క నీళ్ళు లేవు. పార్టీవాళ్ళు అంగట్లో కూర్చుని బతిమాలారు. "ఒక్కసారి పోయి దండం పెట్టి రామ్మా. పైపు కనబడుతాంది కదా, ఓట్లు పడతాయి."

"పైపు తాగరు కదప్పా" అంది అక్క.

ఆ ఊరికి పోలేదు. పోటీ చేస్తున్న మనిషి ఓటడగడానికే రాని ఊరు ఎక్కడైనా ఉంటుందా? ఎదుటి పక్షంవాళ్ళు దాన్నే ఊరూరా పాటలా పాడారు. పొగరని కొందరు, పిచ్చి అని కొందరు అన్నారు. ఓడిపోయింది. ఫలితాలు వచ్చిన మరుసటి రోజు పొద్దున్నే షట్టరు ఎత్తిన చప్పుడు వినబడితే పరుగెత్తి పోయాను. కోటు గుండీలు పెట్టుకుంటోంది.

"బాధ లేదా అక్కా?"

"ఉండాది. ఎందుకుండదు? రాత్రంతా ఏడ్చినా. కత్తెర ఇట్లియ్యి."

ఆ రోజు మాత్రం మారు మాట్లాడకుండా ఇచ్చాను.

పదవి పోయినా ఆఫీసుల చుట్టూ తిరగడం మానలేదు. నీళ్ళు వచ్చాయి, చివరికి. కొళాయి తిప్పిందీ, పూలదండలు వేయించుకుందీ అక్క కాదు, వేరేవాళ్ళు. ఆ సందడంతా అయిపోయిన మరుసటి రోజు మేమిద్దరం షేర్ ఆటోలో పోయాం. ఆపా కొళాయి నీళ్ళు లోటాలో పట్టి ఇచ్చింది. అక్క కొంచెం కొంచెంగా తాగింది. లోటా దించాక ఆపా ఆమె మొహంలోకి చూస్తూ అడిగింది.

"ఏం చెప్పినావు, చెప్పు."

"పైపులో నది నీళ్ళు..." అని మొదలుపెట్టింది అక్క. పార్లమెంటులో మాట్లాడి వచ్చిన మనిషి ఆ నాలుగు మాటలు పూర్తి చేయలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

"ఆ, ఇంక పో" అంది ఆపా. అన్నదే గానీ పట్టుకున్న చెయ్యి వదల్లేదు. ఆపా మోకాళ్ళు ఇంక తిన్నగా కావు, ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. ఆ కొళాయి నీళ్ళే తాగి పెరిగిన ఆపా చిన్న మనవరాలికి మొన్నీమధ్య కొత్త పళ్ళు వచ్చాయి. తెల్లగా ఉన్నాయి. ఈ కబురు అక్కకు చెబితే, ఆస్పత్రిలో ఉండి కూడా ఫోటో పంపమని అడిగింది. పంపాను. చూసిందట.

ఆమె పోయిన రోజు వీధిలో షట్టర్లన్నీ దించారు. మందుల అంగడి ఒక్కటే తెరిచి ఉంది. తాను చచ్చిన రోజు కూడా మూయొద్దని అక్క ముందే చెప్పిందట. ఆమె తమ్ముడి కూతురు, తనూ ఫార్మసీ చదివిన పిల్లే, ఏడ్చి ఉబ్బిన కళ్ళతో తెల్లకోటు వేసుకుని నిలబడింది. లోపల అక్క కూర్చునే స్టూలు ఖాళీగా ఉంది.

మధ్యాహ్నానికి ఆపా వచ్చింది. ఆటో దిగి, గోడలు పట్టుకుంటూ కౌంటరు దాకా నడిచింది. పరామర్శకు వచ్చినట్టే ఉంది గానీ, పలకరించే మాటలు దొరక్క కాబోలు, ఎప్పుడూ తీసుకునే బీపీ మాత్రలు అడిగింది. ఆ పిల్ల కవరు మీద సూర్యుణ్ణి గీసి ఆపా చేతిలో పెట్టింది. ఒప్పజెప్పమని అడగకుండా పక్కకు తిరిగి కళ్ళు తుడుచుకుంది.

ఆపా కదల్లేదు. ఆ పిల్ల వైపు కాదు, స్టూలు వైపు తిరిగింది.

"పొద్దున ఒగటి. తిన్నంక. నొప్పి మాత్రలు ఊరికే మింగకూడదు. కొళాయి నీళ్ళే తాగాల" అని గట్టిగా ఒప్పజెప్పింది.

షట్టరు దించిన నా అంగట్లో మిషను పక్కన నిలబడి, గోడ మీదుగా చూస్తూ వింటున్నాను. చెప్పింది అంతా సరిగ్గానే చెప్పింది. ఒక్క మాట తప్పు పోలేదు. 'ఇంక పో' అనేవాళ్ళు లేక, ఆపా కవరు పట్టుకుని అక్కడే నిలబడి ఉంది.