నేను తుడిచేసిన ఆరు మచ్చలు

2022, ఎండలు ముదిరిన రోజులు. గిద్దలూరు బస్టాండుకు దగ్గర్లో నాకు చిన్న ఫొటో స్టూడియో ఉంది. అంతకుముందు పదిహేడేళ్లు సైన్యంలో వెహికల్ మెకానిక్‌గా చేశాను. ఈ రెండూ కలిసి నాకొక వింత పని తెచ్చిపెట్టాయి. మా వైపు సైన్యంలో చేసినవాళ్ల కుటుంబాలు చాలానే ఉన్నాయి. ఇంట్లో దొరికిన యుద్ధకాలం నాటి ఫొటో తెచ్చి, బాగుచేయమనీ, అందులోని బండి ఏమిటో చెప్పమనీ అడుగుతారు. బండి తెలిస్తే ఆ మనిషి అక్కడ ఏ పనిలో ఉన్నాడో తెలుస్తుంది. బానెట్ ఆకారం, చక్రాల నట్లు, నంబరు పక్కన పైకి చూసే బాణం గుర్తు, ఇవి కనిపిస్తే నాకు చాలు. ఈ విద్యలో నన్ను మించినవాడు ఈ చుట్టుపక్కల లేడని కాస్త పొగరు కూడా ఉండేది. ఆ పొగరు దించింది బడి ముఖం చూడని ఒక పెద్దావిడ.

బేస్తవారిపేట దగ్గరి పల్లె నుంచి వెంకటేశ్వర్లు అనే ఆయన వచ్చాడు. గొర్రెలు మేపుకునే మనిషి. తెచ్చిన ఫొటో పోస్టుకార్డంత ఉంది. ఇసుకలో గుండ్రటి ట్యాంకున్న సైనిక లారీ, పక్కన నిలబడ్డ డ్రైవరు. తేమకు పొర లేచిపోయి డ్రైవరు ముఖం ఉండాల్సిన చోట తెల్లటి కాగితమే మిగిలింది. ఫొటో అంచున ఇంకో జవాను సగం కనబడుతూ వంగి ఉన్నాడు.

“మా నాయన పోయినేడు పోయినాడు సార్. ఆయన పెట్టెలో దొరికింది. డెబ్బై ఒకటి యుద్ధంలో పెట్రోలు బండి తోలినాడు. సంవత్సరీకానికి పెద్దది చేసి పటం కట్టించాల.”

“ఇది బౌజర్. అంటే ట్యాంకు బిగించిన లారీ. పెట్రోలుదే,” అన్నాను, ఒక్క చూపులో.

ఆయన ముఖం వెలిగింది. అయినా దాచుకోకుండా చెప్పాడు. “మా పెద్దమ్మ మాత్రం ఇది మా పెదనాయన అంటాంది సార్. ఆమెను తీసుకొస్తా. మీరే తేల్చి చెప్పండి.”

పెదనాయన పేరు కోటయ్య. అన్నదమ్ములిద్దరూ అదే యుద్ధంలో డ్రైవర్లు, ఒకే ఒడ్డూ పొడుగూ. కోటయ్య మరుసటి ఏడు డ్యూటీలో ఉండగానే జ్వరంతో పోయాడు. శవం కూడా ఊరికి రాలేదు. అప్పటికి కూతురు రమణమ్మ మూడు నెలల పిల్ల. ఆ ఇంట్లో ఆయన ఫొటో ఒక్కటీ లేదు. యాభై ఏళ్ల రమణమ్మ తండ్రిని చూడటమంటూ జరిగితే, అది ఈ కాగితం మీదే జరగాలి.

వాళ్లు వచ్చేలోపు నేను ఫొటోను స్కాన్ చేసి రీటచింగ్ ముగించాను. రీటచింగంటే గీతలూ మరకలూ కంప్యూటర్లో తుడిచేయడం. ట్యాంకు కింద ఆరు నల్లటి బూజు మచ్చలుంటే వాటినీ తుడిచాను. పని నున్నగా వచ్చిందని మురిసిపోయాను కూడా.

చెప్పిన రోజున వెంకటేశ్వర్లు, రమణమ్మ, ఆమె తల్లి ముగ్గురూ వచ్చారు. తెరమీద ఫొటో పెట్టి, పంతులు పాఠం చెప్పినట్టు బండి గురించి వివరించాను. కోటయ్య భార్య అచ్చమ్మ అంతా విని, తెర దగ్గరికి వంగింది.

“నాయనా, కుళాయిలు ఏం చేసినావు?”

“ఏ కుళాయిలమ్మా?”

“పాత ఫొటోలో ఉండినాయి. ట్యాంకు కింద, ఆరు.”

“అవి బూజు మచ్చలమ్మా. తేమకు పడతాయి.”

“బూజు వరస కడతాదా?”

రమణమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

“మరి ఈ పక్కన వంగినోడు ఏం చేస్తాండాడు?”

“టైరు చూస్తున్నాడు.”

“టైరు చూసేటోడికి చేతిలో చెంబెందుకు?”

అసలు ఫొటోను మళ్లీ స్కానర్లో పెట్టి, ఈసారి నాలుగింతలు పెద్దగా తీశాను. ఆరు మచ్చలకూ పిడులున్నాయి. ఒకదాని కింద సన్నటి తెల్లగీత, దాని కింద జవాను పట్టుకున్న మగ్గు. అప్పుడు గుర్తొచ్చింది నాకు నా చదువు. పెట్రోలు బౌజరుకు వెనక ఇనుప గొలుసు నేలకు తగులుతూ వేలాడాలి, నిప్పురవ్వ పుట్టకుండా. ఈ బండి వెనకభాగం స్పష్టంగా కనిపిస్తోంది, గొలుసు లేదు. ఇది వాటర్ బౌజర్. గుండ్రటి ట్యాంకును చూసి అక్కడే ఆగిపోయాను నేను.

“మీకెలా తెలిసిందమ్మా?”

“నలభై ఏండ్లు ట్యాంకరు కోసం బిందె పట్టుకోని నిలబడినా. బండొస్తే మీరు ముందర చూస్తారు. మేం కుళాయి దిక్కు చూస్తాం. ఆయన జాబు రాసినాడు, నీళ్ల బండి తోలుతాండా, ఇక్కడ గూడా మన ఊరి మాదిరే నీళ్లకు తిప్పలు అని. అయ్యవారు చదివితే ఊరంతా నవ్వినారు. యుద్ధానికి పోయి నీళ్లు మోస్తాండాడంట అని.”

ఆ జాబు ఎప్పుడో మిద్దె కారి పాడైపోయింది. కోటయ్య తోలింది నీళ్ల బండేననడానికి ఇప్పుడు ఆమె మాట తప్ప సాక్ష్యం లేదు. వెంకటేశ్వర్లు నోరు మెదపకపోతే అడిగేవాడు లేడు. ఆయన లేచి తన కుర్చీ రమణమ్మ వైపు జరిపాడు.

“నువ్వు దగ్గరగా కూర్చో అక్కా. మా నాయన గూడా నవ్వేటోడు, నేను పెట్రోలు పోస్తాంటే మా అన్న నీళ్లు పోసినాడు అని. ఇది పెదనాయనే.”

తండ్రి పటం కోసం వచ్చిన మనిషి ఆ మాటన్నాడు. ఆయనంటే నాకు ఈనాటికీ గౌరవం.

రమణమ్మ తెర మీది తెల్లటి చోటునే చూస్తోంది. “మొగం గీయలేరా సార్? నాది మా నాయన పోలికంట. నన్ను చూసి గీయండి.”

గీయగలను. ఇప్పుడు ఫోన్లోనే క్షణంలో వస్తుంది. కానీ అచ్చమ్మ కూతురి భుజం మీద చెయ్యేసింది. “అట్ల గీస్తే అది నీ మొగమే అవుతాది బిడ్డా. నేను ఆయన్ను చూసింది రెండు సెలవులే, నాకే మొగం సరిగ్గా గుర్తు లేదు. చెయ్యి చూడు. కుళాయి మీద పెట్టినాడు.”

నిజమే. మొదటి మచ్చతో పాటు నేను ఆయన వేళ్లు కూడా తుడిచేశాను. ఇప్పుడవి తిరిగొచ్చాయి. రమణమ్మ తన చెయ్యి తెరమీద ఆ చేతి పక్కన పెట్టి చాలాసేపు తీయలేదు.

ఆ రోజు నుంచి ఏ ఫొటో వచ్చినా ముందు నేను నోరు విప్పను. ఫొటో తెచ్చినవాళ్ల చేతికే భూతద్దం ఇచ్చి, మీకేం కనబడుతోందని అడుగుతాను. మచ్చ తుడిచే ముందు దాని పక్కన ఇంకో మచ్చ ఉందేమో వెతుకుతాను.

ఆ రోజు రెండు ప్రింట్లు తీశాను, అక్కకొకటి, తమ్ముడికొకటి. కింద ఏం రాయమంటారని అడిగాను, యుద్ధం పేరా, బండి పేరా అని.

“నీళ్ల బండి కోటయ్య అని రాయి నాయనా,” అంది అచ్చమ్మ. “ఊరంతా ఆయన్ను ఎగతాళి చేసి పిలిచిన పేరదే. పెద్దగా రాయి.”